కాస్త పొడుగ్గా ఉన్న పాట

రేడియో మీట నొక్కగానే వెనకాల మోటారు తిరుగుతోంది. ముందు సీట్లో కూర్చున్నా వినబడుతోంది, వీపు వెనకనుంచి గుర్రుమని, పక్కగదిలో ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు, ఆ తరవాత టకటకమని, ఏదో పట్టు దొరక్క జారిపోతున్నట్టు, పది సెకన్లు, పదంటే పదే, ఆపైన ఏమీ లేదు. నేను తలుపు తీసుకుని, మోకాలు పట్టుకుని దిగి, కారు పక్కనుంచి వెనక్కి తొమ్మిది అడుగులు వేసేసరికి అంతా అయిపోయి ఉంటోంది. యాంటెన్నా లేవలేదు. ఎడమవైపు వెనక చక్రం పైన, రేకులో ఉన్న గుండ్రటి కంతలోంచి గోరంత తల బయటికి పెట్టి ఊరుకుంది. కాస్తయినా కదిలిందా, లేవబోయి కూలబడిందా, అసలు మోటారు గొడవే దానికి తెలియలేదా, చూడాలంటే మోటారు తిరిగేటప్పుడు నేనిక్కడ ఉండాలి. నేనిక్కడుంటే అక్కడ మీట నొక్కడానికి ఇంకొకరుండాలి. ఇద్దరి పని ఇది, ఎప్పుడూ ఇద్దరమే చేశాం. నేను వెనకనుంచి "ఊఁ" అనేవాణ్ణి, తను ముందునుంచి "వేశా" అనేది. మళ్ళీ "ఊఁ" అంటే "ఆపా" అనేది. "వేశా, ఆపా, వేశా, ఆపా, ఏమండీ, నేనేమన్నా మీ ల్యాబులో అటెండర్నా" అనేది. టైము నాలుగూ ఐదు. ఐదింటికి ఈ రేడియోలో మా ఆవిడ మాట్లాడుతుంది. మా ఆవిడ పోయి పదకొండు నెలలైంది.

ఇంకోసారి. తొమ్మిది అడుగులు ముందుకి, మీట, గుర్రు. ఈసారి దిగకుండా కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక్కి చూశాను, మెడ పట్టేసింది గానీ ఏమీ కనబడలేదు, డిక్కీ మీద ఎండ తప్ప. కారు ముక్కు రేకుల షెడ్డు నీడలో, తోక బయట ఎండలో. అలా పెట్టడం తన ఏర్పాటు. పూర్తిగా లోపలికి పెడితే ఆ రేకుల కింద రేడియో పలకదు. మా ఇల్లు పల్లంలో ఉంది, చుట్టూ ఎత్తు మేడలు, ఆ చిన్న రేడియో కేంద్రమేమో ఊరికి ఆ చివర, ఇంట్లో ఎన్ని పెట్టెలు మార్చినా అది పలికేది కాదు, ఎటు తిప్పినా బుస్సుమనే శబ్దమే. కారులో మాత్రం, తోక బయటికుండి యాంటెన్నా నిలువునా లేస్తే, పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చేది. ఐదైతే చాలు, టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి కదలని కారులో కూర్చునేది. ఎక్కడికి ప్రయాణం అని అడిగేవాణ్ణి. "వచ్చేశాను, దిగుతున్నా" అనేది. ఈ కారు మాకు కొత్తగా వచ్చినప్పుడు, మాకే కొత్త, దానికి అప్పటికే పన్నెండేళ్ళు, రేడియో వెయ్యగానే తనంతట తనే పైకి లేచి, ఆపగానే తనంతట తనే లోపలికి పోయే ఈ పుల్లని చూసి చిన్నపిల్లలా అయిపోయింది. "నత్త కొమ్ములా ఉందండీ" అంది. వేసింది, ఆపింది, వేసింది, ఆపింది, ఎదురింటివాళ్ళు గేటు దగ్గరికి వచ్చి చూసేదాకా. యాంటెన్నా అనేది కాదు ఎప్పుడూ. పుల్ల. పుల్ల లేచిందా. పుల్ల పడుకుందా.

మధ్యాహ్నం మూడున్నరకి ఫోను మోగింది. నాది కాదు, తనది. పదకొండు నెలలుగా నా ఫోనుతో పాటు దానికీ ఛార్జింగు పెడుతున్నాను, ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను గానీ. మూడో మోతకి ఎత్తాను. "కారు అక్కయ్యగారి ఫోనేనా అండీ?" ఎవరో అమ్మాయి. రాంగ్ నంబరమ్మా అన్నాను. "అయ్యో, ఈ నంబరేనండీ. ప్రతి గురువారం మా పాటల కార్యక్రమానికి కారులోంచి ఫోన్ చేసేవారు. పేరడిగితే పేరెందుకులే, కారు అక్కయ్య అనుకోండి అన్నారు. అప్పట్నించీ మేమంతా అలాగే పిలుస్తాం." నేను కుర్చీ కోసం చెయ్యి చాపాను, అందలేదు, గోడకి ఆనుకున్నాను. ముప్పై ఆరేళ్ళు ఒక మనిషితో ఉండి, ఊరంతటికీ తెలిసిన ఆ మనిషి పేరు నాకు తెలియకపోవడం! చెప్పాను ఆ అమ్మాయికి, మా ఆవిడ లేదని, ఎప్పుడు పోయిందో కూడా. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అందుకాండీ" అంది. "ఆఖర్లో రెండు నెలలు ఫోన్ చెయ్యలేదు. అంతకుముందొకసారి మధ్యలో లైన్ తెగిపోయింది, అలిగారేమో అనుకున్నాం. అక్కయ్యా, అలక మానండి, ఫోన్ చెయ్యండి అని రేడియోలో కూడా చెప్పామండీ, రెండు మూడు వారాలు."

రెండు మూడు వారాలు. అలక మానండి అక్కయ్యా అని ఊరంతా వినేలా పిలిచారు తనని. తను ఇక్కడే ఉంది, ఈ సీట్లోనే ఉంది, వినబడలేదు. పుల్ల లేవట్లేదండీ అని నాకు చెప్పింది. చూస్తాలే అన్నాను. నాలుగు రోజులాగి మళ్ళీ చెప్పింది, ఒట్టి బుస్సుమంటోందండీ, ఒక్కసారి చూడరూ అంది. ఆదివారం చూస్తాలే అన్నాను. మూడోసారి చెప్పిందో లేదో గుర్తు లేదు, చెప్పి ఉంటే బాగుండును, చెప్పకుండా మానేసిందంటే ఇంకా కష్టంగా ఉంది నాకు. కానీ టీ గ్లాసు పట్టుకుని రావడం మానలేదు. అది నాకు బాగా గుర్తు. వరండాలో పేపరు చదువుతూ తలెత్తితే కారు అద్దంలోంచి తన జడ కనబడేది. గాలి కోసం కూర్చుందనుకున్నాను. రెండు నెలలు ఆ బుస్సులో కూర్చుంది, అందులోంచి ఏదైనా తేలి వస్తుందేమోనని. ఆ తరవాత ఒక పొద్దున, స్నానానికి నీళ్ళు పెట్టుకుని, ఆ నీళ్ళు కాగేలోపల పోయింది. అంతకు నెల ముందు చేయించిన పరీక్షలన్నీ బాగున్నాయి. ఆ కాగితాలు చూసిన డాక్టరు "ఇందులో ఏమీ లేదే" అన్నాడు, ఆశ్చర్యపోతూ, నన్ను తప్పుపడుతున్నట్టు కూడా.

టైము నాలుగూ పదిహేను. రేడియో కేంద్రం ఈ శనివారంతో మూసేస్తున్నారట. ఆఖరి వారం కదా అని, వినేవాళ్ళకి బాగా నచ్చిన పాత ఫోన్‌కాల్స్ మళ్ళీ వేస్తున్నారట. ఇవాళ తనది. ఒక కాపీ ఇవ్వమ్మా, నేనే వచ్చి తీసుకుంటాను అన్నాను. "బయటికివ్వనివ్వరండీ. పెట్టెలన్నీ సీలు వేసేస్తున్నారు. మీరు ఫోన్లో రికార్డు చేసుకోండి సార్. మాట నాలుగు నిమిషాలుంటుంది, పాట వేరే" అని, ఫోను పెట్టెయ్యబోయి, "ఐదింటికే కాకుండా ఐదూ రెండుకి వేస్తానులెండి, ప్రకటనలయ్యాక. మీరు కంగారు పడకండి" అంది. ముక్కూ మొహం తెలియని అమ్మాయి నాకు రెండు నిమిషాలిచ్చింది. ఇంకొకరి కారు అడగచ్చు, అడగచ్చని నాకూ తెలుసు. పక్కింటివాళ్ళ కారు ఏడైతే గానీ ఇంటికి రాదు. మెకానిక్ షెడ్డు గురువారం సెలవు. వీధిలోకి పోయి, దారిన పోయే కారునాపి, అయ్యా మా ఆవిడ మాట్లాడుతోంది కాస్త విననివ్వండి అనడానికి నాకు నోరు రాదు. నిజం చెప్పాలంటే అదీ కాదు. ఇందులోనే వినాలి. ఇది బాగు చేస్తానన్నాను.

ముప్పై మూడేళ్ళు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూశాను. ఏ పరికరం మొరాయించినా పిల్లలకి ఒకటే చెప్పేవాణ్ణి, ముందు సులువైంది చూడు, తరవాత కష్టమైంది, ఒకసారికి ఒకటే మార్చు. స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ళతో పట్టుకుని ఫ్యూజు తీసి చూశాను. లోపలి తీగ తెగలేదు. తెగదు, తెగితే మోటారు తిరగదు, అది నాకు ముందే తెలియాలి, అయినా చూశాను. చూడ్డం సులువు కాబట్టి. మోటారు తిరుగుతోందంటే కరెంటు అందుతోంది, మీట బాగుంది, వైర్లు బాగున్నాయి. అంటే రోగం మోటారుకీ పుల్లకీ మధ్య ఎక్కడో ఉంది. డిక్కీ తీశాను. పక్కనున్న అట్ట విప్పితే ఆ మూల చీకట్లో మోటారు, దాని పక్కన పళ్ళెమంత గుండ్రటి డబ్బా. ఆ డబ్బాలో ఉంటుంది పళ్ళున్న నైలాన్ తీగ, దువ్వెనని పొడుగ్గా సాగదీసినట్టు. మోటారు చక్రం ఆ పళ్ళని పట్టుకుని తోస్తే తీగ పైకి పోతుంది, తీగ చివరనున్న పుల్లని పైకి నెడుతుంది. అంతే సంగతి. ఇంత చిన్న సంగతి. డిక్కీలో తన పాత దుప్పటి ఉంది, ఎప్పుడో ప్రయాణానికి పెట్టింది, మడత కూడా విప్పలేదు. మోకాళ్ళ కింద వేసుకుందామని తీసి, వేసుకోలేక, మళ్ళీ అక్కడే పెట్టి, ఒట్టి నేల మీదే మోకరించాను.

పైన కంత చుట్టూ ఉన్న నట్టుకి పానా పట్టించాను. కదల్లేదు. ఇంకొంచెం. బొటనవేలి గోరు లేచిపోయింది, నట్టు కదిలింది. పుల్లని రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే జిగట జిగటగా వచ్చింది, నల్లగా, తారులోంచి వచ్చినట్టు. వేళ్ళు చూసుకున్నాను. గ్రీజు. నేను పూసిన గ్రీజే. నెలకోసారి, క్రమం తప్పకుండా, వేలితో తీసి, పుల్ల పొడవునా, ఎంత ప్రేమగా పూసేవాణ్ణో! తనెప్పుడూ అనేది, "వద్దండీ, గ్రీజుకి దుమ్మంటుకుంటుంది, ముద్ద కట్టేస్తుంది. మిషను నూనె రెండు చుక్కలు వేసి గుడ్డతో తుడిచెయ్యండి, చాలు." నేను నవ్వేవాణ్ణి. "ఇది నీ కుట్టు మిషను కాదు." "తిరిగేదేదైనా ఒకటేనండీ." "నువ్వు జాకెట్లు కుట్టుకో, కారు సంగతి నేను చూస్తా." గ్రీజు, దాని మీద దుమ్ము, దాని మీద గ్రీజు, దాని మీద దుమ్ము. బిర్రబిగుసుకుపోయిన పుల్లని మోటారు తోసి తోసి, తోసి తోసి, ఏదో ఒక గురువారం నైలాను ఓడిపోయింది. చేతిలోకి వచ్చిన తీగ జానెడే ఉంది. చివర తెగిపోయి ఉంది, తెగిన చోటికి పైన నాలుగు వేళ్ళ మేర పళ్ళన్నీ అరిగిపోయి నున్నగా, ముసలివాడి చిగుళ్ళలా. మిగతాదంతా డబ్బాలో ఉండిపోయింది. ఆ టకటక దాని చప్పుడే. చక్రం తిరుగుతోంది, పట్టుకోవడానికి పన్ను లేదు.

పరికరం పాడైతే కారణం రాసే పుస్తకం ఉండేది ల్యాబులో. ఏమైంది, ఎందుకైంది, ఎవరి వల్ల. మూడో గడిలో చాలాసార్లు విద్యార్థి అని రాసేవాణ్ణి. ఈ యాంటెన్నా విషయంలో మూడో గడిలో ఎన్నాళ్ళుగానో తన పేరే రాసుకున్నాను, పైకి అనకపోయినా. కదలని కారులో గంటలు గంటలు రేడియో పెడితే పాడవదూ అని. ఒకసారి పైకే అన్నాను. బ్యాటరీ దిగిపోయిన రోజు. "పాటలకోసం కారు కొన్నట్టుంది" అన్నాను, మెకానిక్ ముందే. మెకానిక్‌ని మేం పెన్సిల్ మేస్త్రి అంటాం, చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది, దాంతో రాయగా ఎవరూ చూడలేదు. తను తల వంచుకుంటే మేస్త్రి తనవైపు మాట్లాడాడు. "పోన్లెండి సార్, పెట్రోలు కన్నా పాటలు నయం" అన్నాడు. పుల్ల ఆగిపోయాక కూడా ఒకసారి చూసింది అతనే. "సార్, ఇది రాజావారి సరుకు. పీకి పారేసి మామూలు కడ్డీ పెడతాను, అరగంట పని." వద్దు, నేనే బాగు చేస్తాను అన్నాను. "చేస్తారు సార్, మీ చేతిలో పనుంది. ఎప్పుడు చేస్తారు?" ఈ ఆదివారం. "ఏ నెల ఆదివారం సార్?" తను కారులో కూర్చుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అరగంట పని. ఆ అరగంట నేను ఇచ్చి ఉంటే అలక మానండి అక్కయ్యా అన్న మాట తనకి వినబడేది. తను పోయాక మేస్త్రి ఒక్కసారి వచ్చాడు. వెళ్ళబోతూ, "ఆదివారం ఆదివారం పది నిమిషాలు కారు స్టార్టు చేసి ఉంచండి సార్, బ్యాటరీకి మంచిది" అన్నాడు. బ్యాటరీకి కాదని ఇద్దరికీ తెలుసు.

నాలుగూ ముప్పై ఐదు. కొత్త తీగ దొరకాలంటే ఎక్కడెక్కడినుంచో రావాలి, రోజులు పడుతుంది. ఇక మోటారుతో పని లేదు. చేత్తో లేపడమే. కానీ ఈ తారుతో చేత్తో కూడా లేవదు, ముందు తుడవాలి. ఇంట్లోకి పరుగులాంటి నడక. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది, నేనే కప్పాను, సొరుగు లాగితే దారపు రీళ్ళు, విరిగిన సూదులు విడిగా ఒక మాత్రల సీసాలో, ఎవరికీ గుచ్చుకోకుండా, మూలగా నూనె డబ్బా. ఊపి చూశాను. అడుగున కదిలింది. ఎంత కొంచెమో, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినబడనంత, అయినా ఉంది, పదకొండు నెలలు మూత కింద ఆరిపోకుండా ఉంది. దాని ముక్కు తను గుండుసూదితో మూసి పెట్టింది. ఆ సూది లాగేటప్పుడు కాసేపు ఆలోచించాను. ఇది తను మూసినది. ఒకసారి తీస్తే ఇక తను మూసినది కాదు. నాలుగూ నలభై. లాగాను.

ఎండలో నిలబడి పుల్లని ఒక్కొక్క కణుపూ తీసి తుడిచాను. రెండు చుక్కలు, గుడ్డ. రెండు చుక్కలు, గుడ్డ. నల్లటి ముద్దలు ఊడి వస్తుంటే కింద వెండిలా మెరుస్తోంది. తను చెప్పినట్టే. ఎంతసేపు పట్టింది? పదినిమిషాలు. పదినిమిషాల పని ఇన్నేళ్ళు చెప్పింది. తుడిచాక కణుపులు ఒకదాన్లోకి ఒకటి నీళ్ళలా జారిపోతున్నాయి, మూయగానే మూసుకుంటున్నాయి, లాగగానే వస్తున్నాయి, తన మిషను చక్రం అలాగే తిరిగేది, ఒక వేలితో తోస్తే చాలు, నిద్రపోతూ కూడా వినేవాణ్ణి ఆ చప్పుడు. పుల్లని కంతలోకి దించి, నట్టు బిగించి, ముందుకెళ్ళి రేడియో వేసి, గొంతు పూర్తిగా పెంచి, నాలుగు కిటికీల అద్దాలూ దించాను. బుస్సు. నా ఫోను ముందు సీట్లో, తను కూర్చునే చోట, మొహం పైకి పెట్టి ఉంచాను. రికార్డు మీట ఎక్కడుందో ఇప్పటికి నాలుగుసార్లు చూసుకున్నాను. వెనక్కి తొమ్మిది అడుగులు. పుల్ల కొన పట్టుకుని లాగాను, లేచింది, నిలువునా, ఎండలో, నా తలకన్నా ఎత్తుకి. వదిలాను. మెల్లగా, మర్యాదగా, దానంతటది కిందికి దిగిపోయింది. నూనె. నున్నగా తుడిచిన ప్రతి కణుపూ జారిపోతోంది. ఇన్నేళ్ళూ బిగుసుకుపోయి లేవలేదు, ఇప్పుడు పట్టు లేక నిలవట్లేదు.

దండెం మీది బట్టల క్లిప్పు తెచ్చి పెట్టాను. నిలిచింది. బుస్సు మాత్రం అలాగే ఉంది. వంగి చూస్తే తెలిసింది, లోపల అడుగున పుల్లా రేడియోకి పోయే వైరూ కలవాల్సిన చోట తుప్పు పట్టి కలవట్లేదు. తాడు కట్టి ఒక పక్కకి లాగాను. లేదు. ఇంకో పక్కకి. లేదు. నాలుగూ యాభై ఎనిమిది. తాడు తీసేసి, కోపంతోనో ఏడుపుతోనో పిడికిలి బిగించి పుల్లని పట్టుకుని ఇంటివైపు వంచాను, కారులోంచి గబుక్కున ఎవరో మగాయన సబ్బు గురించి మాట్లాడాడు. ఎంత స్పష్టంగా! పక్కన కూర్చున్నట్టు. చెయ్యి తీశాను, బుస్సు. పట్టుకున్నాను, సబ్బు. మనిషి ఒళ్ళు కూడా ఒక తీగే, ల్యాబులో ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేవాణ్ణి, యాంటెన్నా ముట్టుకుంటే మీరూ యాంటెన్నాలో భాగమే అని, వాళ్ళు నవ్వేవారు. అలాగే పట్టుకున్నాను. సబ్బు అయింది, ఎరువులయ్యాయి, ఎవరిదో చీరల దుకాణం అయింది. ఈ ప్రకటన అవగానే ముందుకెళ్ళి రికార్డు నొక్కి వచ్చేద్దామనుకున్నాను. పద్దెనిమిది అడుగులు, పోనూ రానూ. అరనిమిషం. ఈ లోపల మొదలైపోతే? అయిపోయాక వెళ్తాను. ఈ ఒక్క ప్రకటన అయ్యాక.

"ఇప్పుడు మన కారు అక్కయ్య" అంది ఆ అమ్మాయి. ఇందాకటి గొంతే. ఇంకేమీ చెప్పలేదు, పోయిందని చెప్పలేదు, అందుకు ఆ పిల్లకి దణ్ణం పెట్టాలి.

"హలో, వినబడుతోందా అమ్మా?" ముందు సీట్లోంచి. నా ఎదురుగా, తొమ్మిది అడుగుల దూరంలో, తను కూర్చునే సీట్లోంచి.

"వినబడుతోంది అక్కయ్యా, మీ రేడియో కాస్త తగ్గించండి, అరుపు వస్తోంది."

"తగ్గించానమ్మా. ఆపెయ్యమంటే మాత్రం ఆపను. ఆపితే పుల్ల పడుకుంటుంది. పుల్ల పడుకుంటే మావారు గోల చేస్తారు. వెనకాల నిలబడి గ్రీజు పూస్తున్నారు దానికి."

"గ్రీజా! ఎందుకక్కయ్యా?"

"ఏమో మరి. వద్దంటే వినరు. నెలకోసారి ఆయనకదో పండగ."

నవ్వు. ఇద్దరి నవ్వూ. నేను వెళ్ళాలి. ఈ వాక్యం అయ్యాక వెళ్ళి నొక్కుతాను. గురువారాలు అద్దాలు ఎత్తేసుకునేది, దుమ్ముకనుకున్నాను. ఇదిగో ఈ అద్దంలోంచే చూసేవాణ్ణి, పెదాలు కదిలేవి, పాటతో పాటు పాడుకుంటోందనుకునేవాణ్ణి. "అక్కయ్యా, మెల్లగా, ఆయనకి వినబడుతుందేమో!" "వినబడదులే. ఎదురుగా నిలబడి చెప్పినా వినబడదు ఆయనకి." మళ్ళీ నవ్వు. ఆ నవ్వులో చివర చిన్న దగ్గు, ఉందని నేను మరిచిపోయిన దగ్గు. ఈ వాక్యం అయ్యాక. టీ తాగారా అని అడిగింది ఆ అమ్మాయి, వంటేమిటని అడిగింది, తను చెబుతోంది, పాలు ఆలస్యంగా వచ్చాయట, కుడి చెయ్యి కాస్త లాగుతోందట, కుట్టు ఎక్కువైందట, ఇవన్నీ నాకు చెప్పిందా? చెప్పే ఉంటుంది. ఈ వాక్యం అయ్యాక, ఇదొక్కటీ అయ్యాక. చెయ్యి తీస్తే ఒక్క మాట పోతుంది, ఏ మాట పోతుందో తెలియదు. రెండు నెలలు బుస్సులో కూర్చోబెట్టాను తనని. ఒక్క మాట పోనివ్వడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు.

"సరే అక్కయ్యా, ఏ పాట వెయ్యమంటారు?"

"ఏదైనా పరవాలేదమ్మా. కాస్త పొడుగ్గా ఉన్నది వెయ్యి."

"పొడుగ్గానా?"

"పాట ఉన్నంతసేపూ పుల్ల పైకుంటుంది. పుల్ల పైకున్నంతసేపూ ఆయన అక్కడే ఉంటారు. అద్దంలో కనబడుతుంటారు. ఆపానంటే లోపలికెళ్ళి పేపర్లో దూరిపోతారు, మళ్ళీ అన్నానికే." ఇంకోసారి, "పొడుగ్గా ఉన్నది" అంది.

పాట మొదలైంది. ఏదో పాత పాట, నాకు తెలియదు, పాటలు నాకు తెలియవు. ముందు సీట్లో ఫోను మొహం నల్లగా ఉంది. ఇక రికార్డు చెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. ఎడమ తలుపు మీదున్న చిన్న అద్దంలో, కాస్త పక్కకి ఒరిగితే, నేను కనబడుతున్నాను, చొక్కా చేతుల నిండా నల్లటి మరకలు, ఒక చెయ్యి పైకెత్తి, బస్సులో కమ్మీ పట్టుకున్న మనిషిలా. ఇలాగే కనబడి ఉంటాను. భుజం లాగుతోంది. చెయ్యి మార్చుకోలేదు. చరణం అయ్యాక ఇంకో చరణం ఉంది, దాని తరవాత ఇంకోటి, మంచి పొడుగ్గా ఉన్నదే వేసింది ఆ అమ్మాయి, అయినా అయిపోతూ వచ్చింది, వాయిద్యాలు ఒక్కొక్కటే వెనక్కి తగ్గుతున్నాయి, ఎండ డిక్కీ మీదనుంచి దిగిపోయింది. అయిపోయింది. ఎవరో ఎరువుల గురించి మళ్ళీ మొదలుపెట్టారు. పుల్ల వదలకుండా ముందు సీటు వైపు చూసి, అలవాటుగా, కాస్త గట్టిగానే, "ఊఁ" అన్నాను.

రేడియో మోగుతూనే ఉంది.